ఇంట్లో పెద్ద టీవీ ఉన్నవాళ్లు మళ్లీ హాలుకు రావాలంటే: నల్లగొండ, పాలమూరు సింగిల్ స్క్రీన్ యజమానులకు పనికొచ్చే వివరాలు

దేవరకొండ, అచ్చంపేట, మిర్యాలగూడ, నారాయణపేట లాంటి ఊళ్లలో థియేటర్‌కు ఇవాళ పోటీ పక్క వీధిలోని థియేటర్ కాదు, ప్రేక్షకుడి ఇంట్లో గోడకు బిగించిన 55 ఇంచుల టీవీ. నాలుగు వారాలు ఆగితే చాలా సినిమాలు ఆ టీవీలోకే వస్తున్నాయి. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చున్నప్పుడు పెద్ద సినిమా ఓటీటీలోకి రావడానికి 8 వారాల గడువు ఉండాలన్నారు గానీ, చాలా సినిమాల విషయంలో ఆ మాట నిలవలేదు. 2024 మేలో ఎన్నికలు, ఐపీఎల్ ఒకేసారి వచ్చి, పెద్ద సినిమా లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు తలుపులు మూసుకున్నాయి. 2025 వేసవిలో హాలుకు అద్దె ఇచ్చే పద్ధతి వద్దు, కలెక్షన్‌లో పర్సంటేజీ కావాలని ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవాళ్లు) పట్టుబట్టారు. ఇవన్నీ హైదరాబాద్‌లో తేలాల్సిన విషయాలు. హాలు యజమాని తన చేతులతో మార్చుకోగలిగినవి వేరే ఉన్నాయి, ఇక్కడ రాస్తున్నది వాటి గురించే.

డబ్బు పెట్టే వరస ముందే చెప్పుకుందాం: మొదట తెర మీద వెలుతురు, తర్వాత మాట స్పష్టత, ఆ తర్వాత గాలి, మరుగుదొడ్లు. సీట్లు వాటి తర్వాత. ముందరి ఎలివేషన్, లైటింగు అన్నిటికన్నా చివర. చాలా చోట్ల ఈ వరస తిరగబడుతోంది. రిక్లైనర్లు వేసి, మసక బొమ్మ చూపిస్తే ప్రేక్షకుడు మెత్తటి కుర్చీలో కూర్చుని విసుక్కుంటాడు, అంతే.

తెర మీద వెలుతురు

డిజిటల్ సినిమాకు ప్రమాణం తెర మధ్యలో 14 ఫుట్ ల్యాంబర్ట్లు, అంటే 48 నిట్లు (రెండూ తెర వెలుతురును కొలిచే యూనిట్లే). ఇంటి టీవీ 300 నిట్లు ఇస్తుంది కదా, 48 ఏం సరిపోతుందని అనుకోవద్దు. చీకటి హాల్లో, అంత పెద్ద తెర మీద 48 నిట్లు చక్కగా సరిపోతాయి. కానీ దీపం పాతబడి, క్యాబిన్ అద్దం మసకబారి అది సగానికి పడితే, రోజూ టీవీ చూసే కన్ను వెంటనే పట్టేస్తుంది. పదిహేనేళ్ల కింద ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే పోల్చుకోవడానికి ఇంట్లో మంచి బొమ్మ లేదు. రాత్రి సీన్లలో ముఖాలు కనపడటం లేదని పిల్లలు కూడా అంటున్నారంటే కారణం ఇదే.

కొలవడానికి ఇంజినీరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు లక్స్ మీటరు చాలు. హాల్లో అన్ని లైట్లూ ఆర్పండి. సర్వర్‌లోని టెస్ట్ ప్యాటర్న్ నుంచి పూర్తి తెలుపు వేయండి, లెన్సు స్కోప్‌లో (వెడల్పాటి బొమ్మ సైజులో) ఉండాలి. మీటరు కన్ను ప్రొజెక్టర్ వైపు ఉండేలా తెరకు ఆనించి పట్టుకోండి. మామూలు తెల్ల మ్యాట్ తెర, గెయిన్ (తెర వెలుతురును తిప్పి పంపే బలం) 1.0 అయితే మధ్యలో 150 లక్స్ రావాలి. గెయిన్ 1.4 తెరకు 108, 1.8కి 84, 3డీ కోసం వేసిన 2.4 వెండి తెరకు 63. నాలుగు మూలల్లోనూ కొలవండి. మధ్య కొలతలో మూలలు 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే దీపం అమరిక తప్పినట్టు.

కొలత తక్కువ వస్తే ముందు ఖర్చు లేని పనులు చేయండి. క్యాబిన్ కిటికీ అద్దం రెండు వైపులా తుడవండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక దుమ్ము, మట్టంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము ఎంత ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ ఈ అద్దాన్ని వారానికి ఒకసారి తుడవాలి. మామూలు కిటికీ అద్దం వేసి ఉంటే దాన్ని తీసేసి, యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉన్న ఆప్టికల్ గ్లాసు వేయించండి. ప్రొజెక్టర్ ఎయిర్ ఫిల్టర్లు మాన్యువల్‌లో చెప్పిన గడువులో సగానికే మార్చండి. ఫిల్టరు పూడుకుపోతే లోపల వేడెక్కి ప్రొజెక్టర్ షో మధ్యలో ఆగిపోతుంది.

తర్వాత దీపం. రోజుకు 4 షోలు, షోకు రెండుంబావు, రెండున్నర గంటలు, మధ్యలో వెలిగి ఉండే కాసేపు కలిపి నెలకు దాదాపు 330 గంటలు నడుస్తుంది. 2 కిలోవాట్ల జెనాన్ దీపానికి వారంటీ సాధారణంగా 2,400 గంటల దగ్గర ఉంటుంది, అంటే ఏడు నెలలు. దీపం సైజు పెరిగేకొద్దీ గంటలు తగ్గుతాయి. వారంటీ దాటాక కూడా వెలుగుతోంది కదా అని నడిపితే బొమ్మ వణుకుతుంది, వెలుతురు పడిపోతుంది. ఇంకా లాగితే దీపం లోపలే పేలి రిఫ్లెక్టర్‌ను కూడా పట్టుకుపోతుంది, అప్పుడు ఒక దీపం ఖర్చుకు నాలుగు దీపాల ఖర్చవుతుంది. కరెంటు ఆదా అని కనిష్ఠం కన్నా తక్కువ ఆంపియర్లలో నడపడం కూడా దీపాన్ని పాడు చేస్తుంది.

దీపం మార్చేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. జెనాన్ బల్బు చల్లగా ఉన్నా లోపల గ్యాసు ఒత్తిడి మీద ఉంటుంది. మెయిన్ ఆపి, ఫ్యాన్ తిరిగి పూర్తిగా చల్లారాక, ముఖానికి షీల్డు, మందమైన జాకెట్టు, గ్లవుజులు వేసుకున్నాకే తలుపు తీయాలి. గాజును వేలితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. పొరపాటున తగిలితే ఆల్కహాల్‌తో తుడవాలి. రెండు చివర్లా బిగింపు వదులుగా ఉంటే ఆర్క్ కొట్టి కాలిపోతుంది. అతిగా బిగిస్తే గాజు మీద ఒత్తిడి పడుతుంది. బిగించాక గంటల లెక్కను సున్నాకు తెచ్చి, లక్స్ మీటరు ఒకరు తెర దగ్గర పట్టుకుని ఉండగా దీపాన్ని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ జరిపి అమర్చాలి. చాలామంది ఆపరేటర్లు ఈ చివరి పని వదిలేస్తారు. కొత్త దీపం వేసినా బొమ్మ మెరుగుపడలేదంటే అదే కారణం.

కొత్త ప్రొజెక్టర్ కొనేవాళ్లు లేజర్ ఫాస్ఫర్ (దీపం బదులు లేజర్‌తో వెలిగేది) వైపు చూడటం మంచిది. వెలుతురు సగానికి రావడానికి సాధారణంగా 20,000 గంటలు చెబుతారు, మన లెక్కన ఐదేళ్లు. దీపాల ఖర్చు పోతుంది, కరెంటు బాగా తగ్గుతుంది, క్యాబిన్ వేడి కూడా తగ్గుతుంది. ఎన్ని ల్యూమెన్లది కొనాలో డీలరు చెప్పే ముందే మీరు లెక్క వేసుకోండి. తెర 40 అడుగుల వెడల్పు, స్కోప్ అయితే ఎత్తు 16.7 అడుగులు, వైశాల్యం 669 చదరపు అడుగులు. దాన్ని 14తో హెచ్చిస్తే 9,370 ల్యూమెన్లు. స్కోప్‌లో 2కే చిప్పు ఎత్తు 1,080లో 858 గీతలే వాడతారు కాబట్టి 0.79తో భాగించాలి: 11,860. అద్దం దగ్గర పోయేది, రానురాను తగ్గేది కలుపుకుంటే 1.0 గెయిన్ తెరకు 17,000 ల్యూమెన్లకు తక్కువ కొనొద్దు. 1.4 గెయిన్ తెర వేస్తే 12,000 చాలు.

3డీ మోజులో వెండి తెర వేసిన హాళ్లు దాన్ని తీసేయడమే మేలు. మధ్యలో మంట మండినట్టు, పక్క సీట్లవాళ్లకు చీకటిగా కనిపిస్తుంది. వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ ఉన్న పాత హాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. తెరను ఎప్పుడూ తడి గుడ్డతో తుడవొద్దు, మరకలు శాశ్వతంగా ఉండిపోతాయి. దుమ్ము తెర రంధ్రాలను పూడ్చేసిందంటే వెనకున్న స్పీకర్ల పై శ్రుతులు కూడా పోతాయి.

మాట వినపడాలి

ప్రేక్షకుడు సౌండు బాలేదన్నాడంటే నూటికి తొంభై సార్లు అర్థం, డైలాగు తెలియలేదని. వెంటనే ఆపరేటర్ ఫేడర్ (వాల్యూమ్) పెంచుతాడు. దాంతో పాటలు చెవులు చిల్లులు పడేలా వస్తాయి, డైలాగు మాత్రం అలాగే ఉంటుంది. అసలు లోపం వేరే చోట ఉంటుంది.

ముందు సౌండ్ ప్రాసెసర్ నుంచి పింక్ నాయిస్ (పరీక్షకు వాడే సర్రుమనే శబ్దం) ఒక్కో చానెల్‌కు విడివిడిగా పంపండి. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తున ఎస్‌పీఎల్ మీటరు (శబ్దం ఎంత గట్టిగా ఉందో చూపేది) పెట్టండి. సి వెయిటింగ్, స్లో మీద ఉంచండి. ఫేడర్ 7 దగ్గర ఎడమ, మధ్య, కుడి ఒక్కోటి 85 డెసిబెల్స్ చూపాలి. 5.1 సౌండులో సరౌండ్లు (గోడల మీది స్పీకర్లు) ఒక్కో వైపు 82. మధ్య చానెల్ దగ్గర మీటరు 85 చూపినా శబ్దం మొద్దుగా, దుప్పటి కప్పినట్టు ఉంటే హార్న్ (పై శ్రుతుల స్పీకరు) లోపలి డయాఫ్రం (కంపించే పలుచటి పొర) పోయినట్టే. సినిమాలో డైలాగు దాదాపు మొత్తం మధ్య చానెల్‌దే కాబట్టి అదే ముందు పోతుంది. ఆంప్లిఫైయర్ చాలక క్లిప్ అయితే (శబ్దం చీలితే) డయాఫ్రం కాలుతుంది. డయాఫ్రం ఒక్కటే మార్చుకోవచ్చు, హార్న్ మొత్తం కొనక్కర్లేదు. మార్చాక కూడా మళ్లీ కాలితే ఆంప్లిఫైయర్ పెద్దది వేయాలి.

తెర వెనక ఎలుకలు వైర్లు కొరకడం మన హాళ్లలో మామూలు. ఒక సరౌండు వరస మొత్తం మూగబోతే ముందు అక్కడే చూడండి. వైర్లను పీవీసీ పైపులో కాకుండా ఇనుప కండ్యూట్‌లో వేస్తే ఈ బాధ పోతుంది.

తర్వాత గోడలు. ఖాళీ హాల్లో మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. టక్ అని వెనక గోడ నుంచి తిరిగి వస్తే డైలాగు ఎప్పటికీ స్పష్టంగా ఉండదు, స్పీకర్లు ఎంత ఖరీదైనవైనా సరే. వెనక గోడకు, బాల్కనీ ముందరి పట్టీకి ముందు వేయించండి: 50 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న గ్లాస్ వూల్, పైన మంట అంటని గుడ్డ. పక్క గోడలు తర్వాత. థర్మోకోల్, గుడ్డు ట్రేలు, మామూలు ఫోము జోలికి పోవద్దు. శబ్దాన్ని సరిగా పీల్చవు, నిప్పు అంటితే నల్ల పొగతో నిమిషాల్లో హాలు నింపేస్తాయి.

అన్నీ సరిచేశాక కూడా చాలా హాళ్లు ఫేడర్ 5 దగ్గరే నడుపుతాయి. అది తప్పేం కాదు. తప్పు ఏమిటంటే ఆపరేటర్ క్యాబిన్ మానిటర్‌లో విని నిర్ణయించడం. నిండిన హాల్లో మనుషుల ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. అందుకే ఫస్ట్ షో మొదలయ్యాక పది నిమిషాలు హాల్లో కూర్చుని ఫేడర్ సరిచూడాలి. యాడ్స్, ట్రైలర్లు సినిమా కన్నా గట్టిగా ఉంటాయి కాబట్టి ప్లేలిస్టులో వాటికి వేరే లెవల్ పెట్టుకోండి.

ఎండాకాలం గాలి, గట్టి నీళ్లు

కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 300 మంది అంటే 30 కిలోవాట్లు, ఆ ఒక్కదానికే ఎనిమిదిన్నర టన్నుల ఏసీ. దాని మీద పైకప్పు వేడి, బయటి గాలి. నల్లగొండలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంటే రేకు కప్పు ఉన్న హాలు షో మొదలైన అరగంటకే ఓడిపోతుంది. అక్కడ ఏసీ టన్నులు పెంచే ముందు కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు, లోపల ఫాల్స్ సీలింగ్ మీద ఇన్సులేషన్ వేయించండి. ఆ ఖర్చు కరెంటు బిల్లులో తిరిగి వస్తుంది. జనం వచ్చాక ఏసీ వేయడం కూడా పొరపాటే. మ్యాట్నీకి 45 నిమిషాల ముందు వేసి గోడలు, సీట్లు చల్లబడనివ్వాలి.

మన బోరు నీళ్లు గట్టివి. కూలింగ్ టవర్‌లో, కూలర్ ప్యాడ్లలో ఏడాదిలోనే తెల్ల పొర గట్టిపడుతుంది. ఆ పొర వేడిని అడ్డుకుంటే కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎండ ముదిరినప్పుడు ట్రిప్ అవుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టండి. లేకపోతే వీలున్నచోట మిషన్ భగీరథ నీళ్లు వాడండి, ట్యాంకు నీళ్లలో కొంత రోజూ బయటికి వదిలేయండి. ఎయిర్ కూల్డ్ హాళ్లకు ఇంకో మాట: ఆగస్టు, సెప్టెంబరు తేమలో కూలర్ నీళ్లు ఆపి, వట్టి గాలే తోలండి. తేమ గాలిలో మళ్లీ తేమ కలిపితే ఉక్క పెరుగుతుందే గానీ తగ్గదు.

తలుపులన్నీ మూసి చల్లగాలిని లోపలే తిప్పుతుంటే జనానికి నిద్ర వస్తుంది, తలనొప్పి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొని పెట్టుకోండి. 1,000 పీపీఎం దాటిందంటే బయటి గాలి చాలడం లేదని లెక్క.

మరుగుదొడ్ల వాసన హాల్లోకి వస్తే కుటుంబాలు రెండోసారి రావు. ఫినాయిలు పోసినంత మాత్రాన అది పోదు. మరుగుదొడ్లలో ఎగ్జాస్టు ఫ్యాన్ ఎప్పుడూ నడుస్తూ, గాలి కారిడార్ నుంచి లోపలికి, అక్కడి నుంచి బయటికి పోవాలి. గట్టి నీళ్ల గార యూరినల్స్‌కు పట్టి దాంట్లో వాసన నిలుస్తుంది కాబట్టి వారానికోసారి యాసిడ్ క్లీనర్‌తో గీకి కడిగించండి. ఇంటర్వెల్ పది నిమిషాల్లో ఆడవాళ్ల వైపు క్యూ ఎంత ఉందో నాలుగు ఆదివారాలు చూడండి, ఎన్ని పెంచాలో మీకే తెలుస్తుంది. గొళ్లెం, లైటు, బక్కెట్, శానిటరీ ప్యాడ్లకు మూత ఉన్న డబ్బా, ఇవన్నీ కలిపినా ఒక్క షో కలెక్షన్ అంత ఖర్చు కాదు.

కరెంటు

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న హాళ్లు ఒకసారి బిల్లు చూసుకోండి. వాడిన గరిష్ఠ డిమాండ్ గానీ, ఒప్పుకున్న డిమాండ్‌లో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దానికి కడుతున్నారు. 900 సీట్ల రోజుల్లో తీసుకున్న లోడు ఇప్పటికీ అలాగే ఉంటే వాడని కరెంటుకు నెలనెలా కడుతున్నట్టు. పన్నెండు నెలల బిల్లుల్లో గరిష్ఠం చూసి, దానికి కొంచెం పైన పెట్టుకుని మిగతాది తగ్గించమని దరఖాస్తు పెట్టండి. కెపాసిటర్లు సరిగా ఉన్నాయో లేదో కూడా చూపించండి.

క్యాబిన్‌లో సర్వర్‌కు, సౌండ్ ప్రాసెసర్‌కు, ప్రొజెక్టర్ ఫ్యాన్లకు యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి దీపం ఆరాక ఫ్యాన్ కూడా ఆగితే లోపలి వేడి దీపాన్ని, రిఫ్లెక్టర్‌ను తినేస్తుంది. సర్వర్ ఒక్కసారిగా ఆగితే హార్డ్ డిస్కుల్లోని సినిమా పాడవుతుంది. స్పీకర్లలో గుయ్యిమని హమ్ వస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి కొలవండి, 2 వోల్టులు దాటకూడదు. మనది రాతి నేల, ఉప్పూ బొగ్గూ వేసిన మామూలు ఎర్త్ గుంత ఎండాకాలం పనిచేయదు. క్యాబిన్‌కు విడిగా కెమికల్ ఎర్తింగ్ వేయించి, వేసవిలో గుంతకు నీళ్లు పోయించండి.

కొత్త సినిమా ఫైలు గురువారం రాత్రికల్లా సర్వర్‌లోకి ఎక్కించి, కేడీఎం తాళం (సినిమా ఫైలును తెరిచే డిజిటల్ కీ) మీ సర్వర్ నంబరుకే వచ్చిందో లేదో, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా పనిచేస్తుందో చూసుకోండి. మీడియా బ్లాక్ (సినిమా ఫైలును విప్పి బొమ్మగా మార్చే బోర్డు) మార్పించాక పాత వివరాలతోనే తాళం తెప్పించుకుని, శుక్రవారం ఉదయం తెర మీద ఎర్రర్ చూసి పరుగెత్తే హాళ్లు ఉన్నాయి. మొదటి రెండు నిమిషాలు, ఇంటర్వెల్ చోటు, చివరి నిమిషం వేసి చూడాలి.

టికెట్ ధర, క్యాంటీన్

2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలు, అంతకు తక్కువ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం. ఆ పైన 18 శాతమే ఉంది. దీని అర్థం జాగ్రత్తగా చూడండి. 100 రూపాయల టికెట్‌కు ప్రేక్షకుడు 105 ఇస్తాడు, పన్ను పోను 100 మిగులుతుంది. అదే 100 మిగలాలంటే 18 శాతం శ్లాబులో 118 వసూలు చేయాలి. కాబట్టి పన్నుతో కలిపి 105కీ 118కీ మధ్య ఏ ధర పెట్టినా ప్రేక్షకుడు ఎక్కువ ఇస్తాడు, మీకు తక్కువ వస్తుంది. పెద్ద సినిమా మొదటి వారం తెలంగాణ జీవో ఇచ్చిన 150 గరిష్ఠానికి, పన్నుతో 177కు, వెళ్లేవాళ్లు వెళ్తారు. రెండో వారం నుంచి 105కు దించితే ఖాళీ సీట్లు కొన్నైనా నిండుతాయి. ఓటీటీకి రెండు వారాలే మిగిలాక 177 పెట్టి కూర్చుంటే, ఆగుదాంలే అనుకోవడం ప్రేక్షకుడికి తేలికైపోతుంది.

షో వేయాలా వద్దా అన్నది కూడా లెక్కతోనే తేల్చండి. ఉదాహరణకు తలకు టికెట్‌లో మీ వాటా 45, క్యాంటీన్‌లో మిగిలేది 15, బండ్ల స్టాండులో 5 అనుకుంటే మొత్తం 65. ఒక షోకు ఏసీ, దీపం, డీజిలు కలిపి 1,500 అయితే 23 మంది లోపు వచ్చిన షో వేసిన ప్రతిసారీ నష్టం. జీతాలు, రోజువారీ స్థిర ఖర్చు వేరు. మీ అంకెలు పెట్టి ఈ సంఖ్య కనుక్కుని మేనేజర్ బల్ల మీద అంటించండి.

క్యాంటీన్‌లో ధర ఎంత పెంచుదామా అని కాకుండా ఎంతమంది కొంటున్నారో చూడండి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు బయటి తిండి ఆపే హక్కు హాలుకు ఉందంది, ఉచితంగా మంచి తాగునీళ్లు ఇవ్వాలనీ, పసిపిల్లల తిండిని ఆపొద్దనీ కూడా చెప్పింది. ఫ్లోరైడ్ భయం ఉన్న జిల్లాలో ఆ నీళ్లు ఆర్‌వో నీళ్లై ఉండి, ఫిల్టరు మార్చిన తేదీ కనపడేలా రాసి ఉంటే తల్లులు నమ్ముతారు.

పాప్‌కార్న్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, లాభం అక్కడే ఎక్కువ, నాసిరకం కూడా అక్కడే ఎక్కువ. ఎనిమిది ఔన్సుల కెటిల్‌కు గింజలు 225 గ్రాములు, నూనె 75 నుంచి 80 మిల్లీలీటర్లు, సన్నటి పొడి ఉప్పు ఒక చెంచా. కెటిల్ పూర్తిగా వేడెక్కాకే నూనె, గింజలు పోయాలి. మంచి గింజ గ్రాముకు 40 మిల్లీలీటర్లు పొంగుతుంది, అంటే ఒక కెటిల్‌కు 9 లీటర్ల పాప్‌కార్న్ రావాలి. ఏడు లీటర్లే వచ్చి, అడుగున పేలని గింజలు చాలా మిగిలితే గింజల తడి ఆరిపోయింది. పేలాలంటే గింజలో 13.5 నుంచి 14 శాతం తేమ ఉండాలి, మన ఎండలకు మూతి తెరిచిన బస్తా వారంలో ఎండిపోతుంది. గాలి దూరని డబ్బాలో పోసి, కిలోకు ఒక పెద్ద చెంచా నీళ్లు చల్లి, బాగా కుదిపి మూడు రోజులు మూత పెట్టి ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. మాడిన నూనె కెటిల్‌కు పట్టి ఉంటే చేదు వస్తుంది, రోజూ రాత్రి తుడవాలి. దాంతోపాటు వేడి మిర్చీలు, ఇరానీ చాయ్, పాలమూరు వైపు ఉడకబెట్టిన పల్లీలు పెట్టండి. ఇంట్లో టీవీ ముందు ఎవరూ వేడి వేడి మిర్చీలు వేసుకుని కూర్చోరు.

షోల వేళలు ఊరి పనిని బట్టి

హైదరాబాద్ మల్టీప్లెక్సు వేళలు మనకు పనికిరావు. సాగర్ ఎడమ కాల్వ కింద వరికోతలు నడిచే రోజుల్లో మ్యాట్నీ పల్చగా ఉంటుంది. గద్వాల వైపు విత్తన పత్తి క్రాసింగ్ పని ఉన్న నెలల్లో మార్నింగ్ షోకు కూలీలు, రైతులు ఎవరూ ఖాళీ ఉండరు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఫస్ట్ షోకు ఆడవాళ్లు రారు, అదే రోజుల్లో మ్యాట్నీ నిండుతుంది. రంజాన్ నెలంతా సాయంత్రాలు తగ్గుతాయి, పండగ రోజు నుంచి పెరుగుతాయి. వలస పోయిన పాలమూరు జనం దసరాకు, సంక్రాంతికి తిరిగి వస్తారు. ఆ వారాల్లో మెయింటెనెన్స్ పనులు అస్సలు పెట్టుకోవద్దు. కురుమూర్తి జాతర, మన్యంకొండ, చెరువుగట్టు, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ల హాళ్లు షో వేళ అరగంట అటూ ఇటూ జరుపుకోవాలి.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మండలాల నుంచి టౌనుకు రావడం వాళ్లకు ఖర్చు లేని పనైంది. డిపోకు వెళ్లి మీ టౌను నుంచి ఊళ్లకు వెళ్లే సాయంత్రం బస్సుల వేళలు రాసుకోండి. ఐదున్నర బస్సు ఉంటే మ్యాట్నీ రెండుంబావుకు మొదలుపెట్టి లాభం లేదు, ఒంటిగంటన్నరకే మొదలవ్వాలి. సినిమా నిడివి, ఇంటర్వెల్, యాడ్స్ కలిపి ఎన్నింటికి విడుస్తారో పోస్టర్ మీద రాయండి. సెకండ్ షోకు పల్లెల నుంచి బండ్ల మీద వచ్చేది మగవాళ్లే కాబట్టి, మాస్ సినిమా కాని వారాల్లో సెకండ్ షో ఆపేసి ఆ కరెంటు మ్యాట్నీ ఏసీకి పెట్టడం మేలు.

కొత్త సినిమా లేని వారాలకు రీరిలీజులు, పిల్లల సినిమాలతో స్కూలు షోలు ముందే మాట్లాడి పెట్టుకోండి. నారాయణపేట, మక్తల్ హాళ్లు కన్నడ సినిమా కూడా ఒక షో వేసి చూడొచ్చు, రాయచూరు పక్కనే ఉంది. క్రికెట్ మ్యాచ్ వేయాలంటే ప్రసార హక్కులున్నవాళ్ల దగ్గర అనుమతి తీసుకోవాలి. ఇంటి ఓటీటీ ఖాతాతో తెర మీద వేసి టికెట్ తీసుకోవడం నేరం.

రెండు తెరలుగా చేయడం, లీజుకు ఇవ్వడం

800 సీట్ల హాలు ఇప్పుడు ఏడాదికి నాలుగైదు వారాలే నిండుతుంది. దాన్ని 300, 200 సీట్ల రెండు తెరలుగా చేయడం మంచి ఆలోచనే, కానీ మధ్య గోడ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఒక్క తొమ్మిదంగుళాల ఇటుక గోడ డైలాగును ఆపుతుంది, సబ్‌వూఫర్ దడదడను ఆపలేదు. పక్క తెర మీద ఫైటు నడుస్తుంటే ఇటువైపు ఏడుపు సీనులో కుర్చీలు వణుకుతాయి. రెండు విడి గోడలు, మధ్య 100 మిల్లీమీటర్ల సందులో గ్లాస్ వూల్ ఉండాలి, రెండూ ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదు. ఏసీ డక్టు రెండు హాళ్లకు కలిపి వేస్తే అందులోంచి శబ్దం దూరుతుంది, విడిగా వేయాలి. పని మొదలుపెట్టే ముందే ప్లాను లైసెన్సింగ్ అధికారికి, ఫైర్, ఎలక్ట్రికల్ వాళ్లకు చూపించండి. గోడ లేచాక ఎగ్జిట్ తలుపులు చాలవని తేలితే కూలగొట్టక తప్పదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్‌లో 59 మంది చనిపోయింది పొగలో దారి దొరకక. ఎగ్జిట్ తలుపులు బయటికి తెరుచుకోవాలి, షో నడుస్తుండగా తాళం ఉండకూడదు, టికెట్ లేనివాళ్లు దూరుతారన్న భయం ఉంటే మనిషిని నిలబెట్టాలి.

హాలును ఫంక్షన్ హాలుగానో గోడౌన్‌గానో మార్చే ముందు కొందరు లీజుకు ఇస్తున్నారు. అప్పుడు కాగితం మీద స్పష్టంగా రాసుకోవాల్సినవి ఇవి: బి ఫారం లైసెన్సు (సినిమా ఆడించే అనుమతి) ఎవరి పేరున ఉంటుంది, రెన్యూవల్ ఎవరి బాధ్యత, దీపం, తెర, డయాఫ్రంలు ఎవరు మారుస్తారు, కరెంటు డిపాజిట్ ఎవరిది, రోజువారీ కలెక్షన్ రిపోర్టు మీకు ఏ వేళకు అందాలి, క్యాంటీన్, స్టాండు, తెర యాడ్స్ ఆదాయం లీజులో కలిసిందా, విడిగా ఉందా. అప్పగించే రోజు లక్స్ కొలత, ప్రతి చానెల్ డెసిబెల్ కొలత, ప్రొజెక్టర్ గంటల రీడింగు ఇద్దరూ సంతకం పెట్టిన కాగితంలో ఉండాలి. లీజు ముగిసిన రోజు మళ్లీ అవే కొలతలు తీసి, తేడా వచ్చినదాన్ని డిపాజిట్‌లో మినహాయించుకోవచ్చని అందులోనే రాయించుకోండి.